బిల్లు వెనక పదకొండు పేర్లు: అడగడం, అచ్చుకు ఇవ్వడం, సభలో చదవడం

బ్రిటన్ పార్లమెంటు దిగువ సభలో, అంటే హౌస్ ఆఫ్ కామన్స్‌లో, సభ్యులు ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోరు. ఎదుటి బెంచీలో కూర్చున్నది చిన్ననాటి స్నేహితుడే కావచ్చు. అయినా "ఫలానా నియోజకవర్గపు గౌరవ సభ్యుడు" అనాలి. సొంత పార్టీ మనిషైతే "నా గౌరవ మిత్రుడు" అంటారు. రాజుకు సలహాలిచ్చే ప్రీవీ కౌన్సిల్‌లో చోటు ఉన్నవారికి ఆ గౌరవం ముందు "రైట్" కూడా చేరుతుంది. పేరు పెట్టి పిలిచే హక్కు స్పీకరుకే ఉంది. మాట్లాడే వంతు వచ్చినప్పుడు స్పీకరు పేరుతోనే పిలుస్తారు. మాట వినకుండా సభను అడ్డుకునేవారినీ పేరుతోనే పిలుస్తారు, కానీ అది శిక్షకు నాంది. అలా పేరు పడ్డాక సభ తీర్మానిస్తే మొదటిసారి 5 సభాదినాలు, రెండోసారి 20 సభాదినాలు బయట ఉండాల్సిందే. మన లోక్‌సభ నిబంధనల్లోని 374వ నిబంధన కూడా ఈ దారిలోనే నడుస్తుంది.

పేరంటే ఇంత జాగ్రత్తపడే ఆ సభలో ఒక మామూలు సభ్యుడు లేచి నిలబడి, పదకొండు మంది తోటి సభ్యుల పేర్లను ఏ బిరుదూ తగిలించకుండా వరసగా చదివే సందర్భం ఒకటుంది. కొత్త బిల్లుకు మద్దతుదారులను ప్రకటించే సందర్భం అది. దాన్ని సరిగ్గా ఎలా నడపాలో ఇక్కడ చెబుతాను. మీరు ఒక ఎంపీ కార్యాలయంలో పనిచేస్తూ ఉండవచ్చు, ఒక చట్టం కోసం సభ్యుల చుట్టూ తిరుగుతున్న సంస్థలో ఉండవచ్చు, మాక్ పార్లమెంటుకు సిద్ధమవుతున్న విద్యార్థి కావచ్చు. రాయడానికి వీలుగా ఉంటుందని ఆ బిల్లు తెస్తున్న సభ్యులు మీరేనన్నట్టు చెప్పుకుపోతాను.

ముందు మీ దారి ఏదో తేల్చుకోండి

మంత్రి కాని సభ్యులు కామన్స్‌లో బిల్లు తేవడానికి మూడు దారులున్నాయి. మొదటిది లాటరీ. ప్రతి సమావేశ కాలం మొదట్లో తీసే లాటరీలో 20 మందికి అవకాశం దక్కుతుంది. వారు అయిదో బుధవారం నాడు బిల్లులను సమర్పిస్తారు. రెండోది పది నిమిషాల నిబంధన. మంగళవారం, బుధవారం ప్రశ్నోత్తరాలు, ప్రకటనలు ముగిశాక ఒక సభ్యుడు పది నిమిషాలు మాట్లాడి, బిల్లు తేవడానికి సభ అనుమతి అడుగుతాడు. మూడోది ఏ ప్రసంగమూ లేకుండా నోటీసు ఇచ్చి సమర్పించడం.

ఈ తేడా మద్దతుదారుల విషయంలో ముఖ్యం. లాటరీ బిల్లుకూ ప్రసంగం లేని బిల్లుకూ పేర్లు కాగితం మీద ఇస్తే చాలు, అవి అచ్చులో కనిపిస్తాయి. పది నిమిషాల నిబంధన కింద మాత్రం మీ నోటితో మీరే చదవాలి. కాబట్టి తప్పు పలికితే అందరి ముందూ పలుకుతారు.

ఎంత మంది, ఎవరు

బిల్లు మీద మొత్తం 12 పేర్లకు చోటుంది. ఒకటి మీది, మిగతా పదకొండు మద్దతుదారులవి. ఇవి బిల్లు వెనక పుట మీద అచ్చవుతాయి. పదకొండూ నింపాలన్న నియమం లేదు. గడులు ఖాళీగా ఉన్నాయి కదా అని ఎదురుపడ్డవారినల్లా చేర్చడం కొత్తవాళ్లు చేసే మొదటి పొరపాటు. సొంత పార్టీ వెనక బెంచీల నుంచే పదకొండు మందిని ఏరుకొస్తే, ఆ జాబితా చూసినవాడికి మీరు ఎవరితో కలిసి భోంచేస్తారో తెలుస్తుంది తప్ప బిల్లుకు బలం ఉందో లేదో తెలియదు.

నన్ను అడిగితే జాబితాలో నాలుగు రకాల మనుషులు ఉండాలంటాను. ఎదుటి పార్టీ నుంచి వచ్చి, తమ వాళ్లు ఎందుకని అడిగితే జవాబు చెప్పగలిగినవారు. విషయం లోతుగా తెలిసినవారు, ఉదాహరణకు సంబంధిత స్థాయీ సంఘంలో పనిచేసినవారు. ఓటింగు జరిగితే లెక్కపెట్టేవారిగా నిలబడటానికి ఆ పూట సభలో తప్పకుండా ఉండేవారు. శుక్రవారాలు తమ నియోజకవర్గానికి వెళ్లకుండా లండన్‌లో ఆగిపోవడానికి సిద్ధపడేవారు. చివరి రెండు రకాలు ఎందుకో కిందకు వెళ్లేసరికి తెలుస్తుంది. పెద్ద పేరున్న మాజీ మంత్రి ఒకరిని అలంకారంగా పెట్టుకోవచ్చు గానీ, ఆయన ఆ రోజు రాకపోతే ఆ పేరు అచ్చులో అందంగా ఉండి ఊరుకుంటుంది.

పదవిలో ఉన్న మంత్రులను అడగవద్దు. వారు ప్రభుత్వ నిర్ణయానికి కట్టుబడి ఉండాలి. ప్రైవేటు సభ్యుల బిల్లుకు మద్దతుగా పేరివ్వడం వారికి ఇబ్బంది, అడగడం మీకు అమాయకత్వం. ప్రభుత్వ బిల్లులకు మద్దతుదారులుగా మంత్రులే కనిపిస్తారు. బిల్లు తెచ్చే మంత్రి పేరు తర్వాత ప్రధానమంత్రి, ఆర్థికమంత్రి వంటివారి పేర్లు వరసగా ఉంటాయి. అక్కడ ఆ వరస మంత్రివర్గమంతా ఒక్క మాట మీద ఉందని చెప్పడానికే.

పార్టీల గోడ దాటిన జాబితాకు మంచి ఉదాహరణ 2024 అక్టోబరులో వచ్చింది. మరణం దగ్గరపడిన రోగులు తమ జీవితాన్ని ముగించుకోవడానికి సాయం కోరే హక్కు గురించి కిమ్ లెడ్‌బీటర్ బిల్లు సమర్పించారు. దాని వెనక పలు పార్టీల సభ్యుల పేర్లు ఉన్నాయి. నవంబరు 29న రెండో పఠనంలో, అంటే బిల్లు మూల సూత్రం మీద జరిగే చర్చలో, 330 మంది అనుకూలంగా, 275 మంది వ్యతిరేకంగా ఓటు వేశారు. రెండు వైపులా అన్ని రంగుల జెండాలవాళ్లూ నిలబడ్డారు. మనస్సాక్షి ప్రకారం ఓటు వేసే బిల్లుకు మొదటి రోజు నుంచే అలాంటి జాబితా కావాలి.

అడిగే పద్ధతి

ఇక్కడ తొందరపడితే తరువాత ఎంత సర్దినా సర్దుకోదు.

మొదటి సంగతి, మీరే అడగండి. మీ సహాయకుడు వాళ్ల సహాయకుడికి మెయిలు పెట్టి, అటునుంచి "అభ్యంతరం ఉండకపోవచ్చు" అని జవాబు తెప్పించుకోవడం అంగీకారం కాదు. సభ్యుల పేరు సభ్యులే ఇవ్వాలి. లాబీలో నడుస్తూ నడుస్తూ "నీ పేరు పెట్టుకుంటున్నాను" అంటే "సరే" అన్నవారు, తరువాత బిల్లు చదివి తల పట్టుకున్న సందర్భాలు ఊహించుకోవడం కష్టమేమీ కాదు. నోటితో అడగండి, ఆ వెంటనే రాతలో పంపండి.

రాతలో ఇవి ఉండాలి: బిల్లు ఏం చేస్తుందో చెప్పే పొడవు శీర్షిక, ముసాయిదా సిద్ధమైతే దాని ప్రతి, సమర్పించే తేదీ, ఇప్పటివరకు ఒప్పుకున్నవారి పేర్లు, జవాబుకు గడువు. ఒప్పుకున్నవారి పేర్లు చెప్పడం కొందరికి నచ్చదు, చేతిలో ముక్కలు చూపించినట్టుంటుందని అనుకుంటారు. కానీ ఎవరి పక్కన తమ పేరు అచ్చవుతుందో తెలుసుకునే హక్కు ప్రతివారికీ ఉంది. ఎన్నికల్లో తమ మీద పోటీ చేసిన పార్టీ నాయకుడి పక్కన పేరు చూసుకుని ఉలిక్కిపడటం కంటే ముందే తెలిసి వద్దనడం నయం.

ఉత్తరం ఇలా ఉంటే చాలు:

"మంగళవారం నేను తేబోయే బిల్లుకు మద్దతుదారుల్లో ఒకరిగా మీ పేరు చేర్చడానికి అనుమతి కోరుతున్నాను. శీర్షిక, ముసాయిదా జతచేశాను. ఇప్పటివరకు అంగీకరించినవారి పేర్లు కింద ఉన్నాయి. మీ పేరు సభలో చదువుతాను, బిల్లు మీద అచ్చవుతుంది. ప్రతి నిబంధనకూ మీరు కట్టుబడినట్టు ఎక్కడా చెప్పను. గురువారం సాయంత్రంలోగా మీ అంగీకారం అందకపోతే పేరు చేర్చను."

ఆఖరి వాక్యం చూడండి. "జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టు భావిస్తాను" అని రాసేవాళ్లున్నారు. మౌనం అర్ధాంగీకారం అన్న మాట పెళ్లిచూపులకు సరిపోతుందేమో గానీ ఈ పనికి కుదరదు. జవాబు రాకపోతే పేరు లేదు, అంతే.

ఆ బిల్లుతో ముడిపడిన ఆర్థిక ప్రయోజనాలు ఎవరికైనా ఉన్నాయేమో కూడా అప్పుడే అడగండి. ఉంటే ప్రకటించాల్సిన బాధ్యత ఉంటుంది. ఆ సంగతి పత్రికలో చదివి తెలుసుకునే పరిస్థితి తెచ్చుకోవద్దు. మీ పార్టీ విప్‌లకు కూడా ఒక మాట చెప్పి ఉంచండి. అనుమతి అడగనక్కరలేదు, ఆశ్చర్యపరచకుండా ఉంటే చాలు.

ఆ పేరు ఏం చెబుతుంది, ఏం చెప్పదు

మద్దతుదారు పేరు ఓటు కాదు. బిల్లును సభ చర్చకు తీసుకోవాలని ఆ సభ్యులు కోరుతున్నారని దాని అర్థం. మూడో నిబంధన నచ్చకపోయినా, బిల్లును నిబంధనవారీగా పరిశీలించే సంఘ దశలో సవరణ ఇద్దామనుకుంటున్నా పేరివ్వవచ్చు. అందుకని మీరు బయట మాట్లాడేటప్పుడు "మా బిల్లును పదకొండు మంది ఎంపీలు పూర్తిగా సమర్థిస్తున్నారు" అనకండి. "పదకొండు మంది మద్దతుతో సమర్పించాను" అంటే మీరూ క్షేమం, వాళ్లూ క్షేమం.

ఈ పద్ధతి అన్ని చోట్లా ఒకటే కాదు. అమెరికా ప్రతినిధుల సభలో తోటి సభ్యులు సహ ప్రతిపాదకులుగా చేరడానికి 1967లో వీలు కల్పించారు. మొదట ఒక బిల్లుకు 25 మందే అన్న పరిమితి ఉండేది, 1979 నుంచి అది లేదు. ఇప్పుడు వందల మంది చేరిన బిల్లులు కూడా కనిపిస్తాయి. అక్కడ బిల్లు ప్రవేశపెట్టాక కూడా చేరవచ్చు. తప్పుకోవాలంటే మాత్రం సభలో ఆ మాట చెప్పాలి, అది రికార్డుకెక్కుతుంది. స్కాట్లండ్ పార్లమెంటులో మద్దతు ఒక అర్హత. సభ్యుల బిల్లు ప్రతిపాదన ముందుకు కదలాలంటే నెల రోజుల్లో కనీసం 18 మంది ఇతర సభ్యులు, అదీ సభా కార్యక్రమాలను నిర్ణయించే బ్యూరోలో చోటున్న పార్టీల్లో కనీసం సగం పార్టీల నుంచి, పేరివ్వాలి. బ్రిటన్ పార్లమెంటు ఎగువ సభలో బిల్లు ఒకే సభ్యుని పేరు మీద వస్తుంది, మద్దతుదారుల వరస అక్కడ ఉండదు. మన పార్లమెంటులో కూడా ప్రైవేటు సభ్యుల బిల్లు ఒక్కరి పేరు మీదే నడుస్తుంది. అలాంటి బిల్లు చట్టమైన చివరి సందర్భం 1970 నాటిది. కాబట్టి ఒక సభ అలవాటును ఇంకో సభకు తగిలించవద్దు. మాక్ పార్లమెంటుల్లో ఎక్కువగా జరిగే తప్పు ఇదే. నడక లండన్‌దీ, మాట ఢిల్లీదీ, సంతకాల జాబితా వాషింగ్టన్‌దీ అవుతుంది.

కాగితం

బిల్లుల కార్యాలయంలో నోటీసు ఇవ్వాలి. పది నిమిషాల నిబంధన కింద అయితే కనీసం 5, గరిష్ఠంగా 15 సభాదినాల ముందు. మంచి తేదీ కోసం ఆ కార్యాలయం దగ్గర తెల్లవారకముందే వరసలో నిలబడిన సభ్యుల కథలు చాలా ఉన్నాయి. 2013లో కొందరు ఎంపీలు పదుల కొద్దీ బిల్లులు ఇవ్వడానికి అక్కడే రాత్రుళ్లు గడిపారు.

సమర్పించే నాటికి పూర్తి పాఠం సిద్ధంగా ఉండనక్కరలేదు. చిన్న శీర్షిక, పొడవు శీర్షిక, మీ పేరు, మద్దతుదారుల పేర్లు ఉన్న ఒక పత్రం చాలు. దాన్ని డమ్మీ బిల్లు అంటారు. పేర్ల అక్షరాలు సభ్యులు సభలో వాడే రూపంలోనే రాయండి. ఒకే ఇంటిపేరు ఉన్నవారు సభలో ఎప్పుడూ నలుగురైదుగురు ఉంటారు. ఇంటిపేరు మాత్రమే రాసి క్లర్కులే పోల్చుకుంటారులే అని వదిలేయకండి.

వరస మీ ఇష్టం. ఒక చిన్న తమాషా మాత్రం గుర్తుంచుకోండి. అచ్చులో మీ పేరు ముందు వస్తుంది: ఫలానావారు సమర్పించారు, ఫలానా ఫలానావారు మద్దతిచ్చారు అని. సభలో నోటితో చదివేటప్పుడు మీ వంతు ఆఖరిది. అందరి పేర్లూ చదివి, చివర మిమ్మల్ని మీరు కలుపుకుంటారు.

సభలో ఆ పది నిమిషాలు, ఆ తర్వాతి ఒక్క నిమిషం

ప్రసంగంలో మద్దతుదారుల జాబితా చదవకండి. ఉన్నది పది నిమిషాలే, బిల్లు ఎందుకు కావాలో చెప్పండి. ఎవరినైనా ప్రత్యేకంగా ప్రస్తావించాల్సి వస్తే నియోజకవర్గం పేరుతోనే ప్రస్తావించాలి. మీ ముసాయిదాకు సాయపడిన ఎదుటి పార్టీ సభ్యురాలు పక్కనే ఉన్నా "ఫలానా నియోజకవర్గపు గౌరవ సభ్యురాలు" అనే అనాలి. నియోజకవర్గాల పేర్లు పొడవుగా ఉంటాయి, హద్దులు మారినప్పుడల్లా మారతాయి. కాగితం మీద రాసుకోండి.

మీ తరువాత వ్యతిరేకించదలచినవారు ఒకరు, ఒక్కరే, పది నిమిషాల వరకు మాట్లాడవచ్చు. దానికి మీకు ప్రత్యుత్తర అవకాశం లేదు. విని కూర్చోవాలి. ఆపైన స్పీకరు ప్రశ్న పెడతారు. ఎవరూ కాదనకపోతే అనుమతి దొరికినట్టే. కాదని అరిస్తే ఓటింగు. ఓటింగుకు రెండు పక్షాల నుంచీ ఇద్దరేసి లెక్కపెట్టేవారు కావాలి. ఒక పక్షానికి వాళ్లు దొరకకపోతే ఆ పక్షం ఓడినట్టు లెక్క. అందుకే ఆ పూట సభలో ఉండే మద్దతుదారు కనీసం ఇద్దరు కావాలన్నది. గ్యాలరీలో బంధువులు నిండుగా కూర్చుని, కింద లెక్కపెట్టడానికి మనిషి లేకపోతే అంతకంటే చిన్నతనం ఉండదు.

అనుమతి వచ్చాక స్పీకరు అడుగుతారు: ఈ బిల్లును ఎవరు తయారుచేసి తెస్తారు? ఇప్పుడు లేవండి. ఇప్పటిదాకా నియోజకవర్గాలతో పిలిచినవారినే ఇప్పుడు వట్టి పేర్లతో చదవాలి. "గౌరవ" అన్న మాట వద్దు, "నా మిత్రుడు" వద్దు, పార్టీ వద్దు. పేరు, ఇంటిపేరు, తరువాతిది. అయిదు నిమిషాల కిందట మర్యాదగా ఉన్నది ఇప్పుడు అనవసరం, అప్పుడు అపచారమైనది ఇప్పుడు నియమం. అడిగినది పేర్లు కాబట్టి పేర్లే చెప్పాలన్నది ఇక్కడి తర్కం.

ఉచ్చారణ ముందురోజే సాధన చేయండి. వెల్ష్, గేలిక్ పేర్లు, దక్షిణాసియా పేర్లు, ఆఫ్రికా పేర్లు ఆ సభలో చాలానే ఉన్నాయి. సందేహం ఉంటే ఆ సభ్యులనే అడగండి. పేరు ఎలా పలకాలని అడిగితే ఎవరూ నొచ్చుకోరు, తప్పు పలికితే నొచ్చుకుంటారు. మరీ వేగంగా చదవకండి, ప్రతి పేరుకూ ఒక ఊపిరి ఇవ్వండి.

చివర మిమ్మల్ని కలుపుకునేటప్పుడు ఇంగ్లీషులో ఒక చిక్కు ఉంది. "ఐ" అనాలా, "మీ" అనాలా, "మైసెల్ఫ్" అనాలా? ఎవరు తెస్తారన్నది ప్రశ్న కాబట్టి వ్యాకరణం ప్రకారం "ఐ" సరైనది. సభలో మూడూ వినిపిస్తాయి. రికార్డులో మాత్రం వాటి బదులు మీ పేరే అచ్చవుతుంది. తెలుగులో ఈ చిక్కే లేదు, "నేనూ" అని దీర్ఘం తీస్తే సరిపోతుంది.

పేర్లు చదివాక సభా ప్రవేశం దగ్గరున్న గీత వరకు వెళ్లి, అక్కడి నుంచి తల వంచి నమస్కరిస్తూ బల్ల దాకా నడిచి, డమ్మీ బిల్లును క్లర్కు చేతికి ఇవ్వాలి. క్లర్కు చిన్న శీర్షిక చదువుతారు, దాంతో మొదటి పఠనం అయిపోయినట్టే. రెండో పఠనం ఏ రోజు అని అడుగుతారు. ఒక శుక్రవారం తేదీ చెప్పండి. అది ముందే ఎంచుకుని జేబులో పెట్టుకోండి. ఆ క్షణంలో క్యాలెండరు వెతకడం చూడటానికి బాగుండదు.

ఆ తర్వాత

పేర్లు చదవడం దగ్గరే బిల్లు బతుకు తేలిపోదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 21 ఏళ్లు నిండిన పురుషుల మధ్య ఏకాంతంలో జరిగే స్వలింగ సంపర్కాన్ని నేరాల జాబితా నుంచి తొలగించిన 1967 చట్టం లియో అబ్సె 1966లో పది నిమిషాల నిబంధన కింద తెచ్చిన ప్రతిపాదనతో మొదలైంది. కానీ అది చట్టం కావడానికి ఆ పది నిమిషాలు సరిపోలేదు, సభలో సమయం దొరకాల్సి వచ్చింది. ప్రైవేటు సభ్యుల బిల్లులకు ఒక సమావేశ కాలంలో 13 శుక్రవారాలే ఉంటాయి. చర్చను ముగించి ఓటుకు తీసుకువెళ్లాలంటే ముగింపు తీర్మానానికి అనుకూలంగా కనీసం 100 మంది ఉండాలి. చర్చకు రాని బిల్లుల శీర్షికలు మధ్యాహ్నం 2.30కి చదువుతారు, అప్పుడు ఒక్క గొంతు అభ్యంతరం చెప్పినా అది ఆ రోజుకు ఆగిపోతుంది. పదకొండు పేర్లను వందగా పెంచే పని మీ మద్దతుదారులదే. ఒక్కొక్కరు పది మందిని శుక్రవారం లండన్‌లో ఆపగలిగితే లెక్క సరిపోతుంది. ఎంచుకునేటప్పుడే శుక్రవారం గురించి అడగమన్నది అందుకే.

సమర్పించిన రోజు సాయంత్రమే పదకొండు మందికీ కృతజ్ఞతగా రెండు ముక్కలు రాయండి. బిల్లు అచ్చయ్యాక ప్రతి ఒక్కటి పంపండి. మద్దతుదారుల్లో ఒకరు తరువాత మంత్రి అయితే, అచ్చయిన ప్రతిలో ఆ పేరు అలాగే ఉంటుంది. కానీ మీ కొత్త ప్రకటనల్లో, కరపత్రాల్లో ఆ పేరు వాడటం మానేయండి. ఒకరు మనసు మార్చుకుని శుక్రవారం వ్యతిరేకంగా ఓటు వేయడానికి ఎదుటి లాబీలోకి నడిస్తే, పాత కాగితం బయటికి తీసి వేలెత్తి చూపకండి. ఎందుకు మారారో ఏకాంతంగా అడగండి. సంఘ దశలో సవరించగలిగిన కారణమే వాళ్లు చెప్పవచ్చు.